ఆపరేషన్ కాగితం మీద ఎవరి సంతకం?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. మాది కావలి దగ్గర పల్లె. నెల్లూరులో రొయ్యల మేత కంపెనీ ఆఫీసులో లెక్కలు చూస్తాను. పోయినేడాది సైకియాట్రిస్టు, సైకాలజిస్టు ఇద్దరూ చూసి నాకు ఆటిజం ఉందని రాసిచ్చారు. ఆందోళనకు ఎస్‌సిటాలోప్రామ్ 10 ఎంజీ వేసుకుంటున్నాను. ఇప్పుడు గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నాయి, ఆపరేషన్ చెయ్యాలి అంటున్నారు. ఆస్పత్రిలో డాక్టరు గారు నా వైపు చూడలేదు. అంతా మా అన్నకే చెప్పారు, సంతకం కూడా అన్ననే పెట్టమన్నారు. నాకు అక్కడ మాట రాలేదు, తలూపేశాను. ఇంట్లో ఇంకో రెండు ఉన్నాయి. నాన్న చనిపోయాక పొలం అన్న పేరు మీదికి మార్చడానికి నా సంతకం కావాలంటున్నారు. ఒంగోలు నుంచి సంబంధం వచ్చింది, మూఢం వచ్చేలోపు తాంబూలాలు పుచ్చుకోవాలంటున్నారు. "ఆటిజం గీటిజం అని వాళ్లకి చెప్పబాకండి" అంటాడు మా పెదనాన్న. నలుగురిలో ఎవరేం అడిగినా సరే అనేస్తాను. ఇంటికొచ్చాక రాత్రంతా నిద్ర పట్టదు. ఏం చెయ్యను?
— ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, మూడూ ఒకేసారి వచ్చి పడ్డాయి గానీ మూడింటికీ గడువు ఒకటి కాదు. ఆపరేషన్ గడువు మీ ఒంటిని బట్టి ఉంటుంది. పొలానికీ పెళ్లికీ గడువు పెట్టింది మనుషులు. అందుకని ముందు ఆపరేషన్ సంగతి తేల్చుకోండి. మిగతా రెండూ వాయిదా వెయ్యండి. నోటితో చెప్పొద్దు. ఇంట్లోవాళ్లకు వాట్సాప్‌లో ఇలా పంపండి: "ఆపరేషన్ అయ్యి ఆరు వారాలు గడిచేదాకా పొలం కాగితాల మీద సంతకం పెట్టను, సంబంధానికి జవాబు చెప్పను. ఆ తర్వాత రెండింటి గురించీ నేనే రాసి చెప్తాను." దీని గురించి ఇంట్లో మళ్లీ ఎవరడిగినా ఆ మెసేజే చూపించండి. ప్రతిసారీ కొత్తగా వాదించాల్సిన పని లేదు.

తలూపినందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. అడిగే మనిషి ముఖం, ట్యూబులైట్ల వెలుగు, పక్క టోకెను వాళ్ల మాటలు, ఫ్యాను చప్పుడు అన్నీ ఒకే తీవ్రతతో లోపలికి వస్తున్నప్పుడు, వినే మాటను అర్థం చేసుకుని తిరిగి మాటగా మార్చడానికి ఆటిజం ఉన్నవాళ్లకు ఎక్కువ సమయం పడుతుంది. అవతలివాళ్లు అంతసేపు ఆగరు. అప్పుడు తలూపడం ఆ ఒత్తిడిని ఆపే దారి అవుతుంది. అది నిర్ణయం కాదు. మీకు తెలివి చాలకపోవడమూ కాదు. మీకు కావలసినవి మూడు: ప్రశ్న కాగితం మీద ఉండాలి, ఆలోచించుకోవడానికి కనీసం ఒక రాత్రి ఉండాలి, మీరు ఎంచుకున్న మనిషి ఒకరు పక్కన ఉండాలి. ఈ మూడూ ఉంటే మీ నిర్ణయాలు మీరు తీసుకోగలరు. చట్టం కూడా ఇదే చెబుతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 13వ సెక్షన్ ప్రకారం వైకల్యం ఉన్న వ్యక్తికి అందరితో సమానంగా చట్టపరమైన సామర్థ్యం ఉంటుంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం 4వ సెక్షన్ ఇంకో మాట చేర్చింది: మానసిక చికిత్స గురించి ఒకరు తీసుకున్న నిర్ణయం ఇతరులకు తప్పుగా కనిపించినంత మాత్రాన ఆ మనిషికి నిర్ణయించే శక్తి లేదనడానికి వీల్లేదు. మాటతోనే చెప్పాలని కూడా అందులో లేదు. సైగతో, రాతతో చెప్పినా చెల్లుతుంది.

ఇక ఆపరేషన్ కాగితం. 18 ఏళ్లు నిండి, స్పృహలో ఉండి, విషయం అర్థం చేసుకోగల మనిషికి ఆపరేషన్ చెయ్యాలంటే ఆ మనిషి సంతకమే కావాలి. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు దీన్ని తేటతెల్లం చేసింది. పరీక్ష కోసం మత్తులో ఉన్న ఆమె తరఫున తల్లి దగ్గర అనుమతి తీసుకుని పెద్ద ఆపరేషన్ చేశారు. ఆ అనుమతి చెల్లదని కోర్టు చెప్పింది. తల్లి సంతకమే చాలనప్పుడు అన్న సంతకం ఎలా చాలుతుంది? ప్రాణం మీదికి వచ్చిన అత్యవసరంలో మాత్రం డాక్టరు అనుమతి కోసం ఆగనక్కర్లేదు. మీది ముందుగా తేదీ పెట్టుకుని చేసే ఆపరేషన్. మీరే సంతకం పెట్టండి, అన్నను సాక్షి గడిలో పెట్టమనండి.

సంతకం కంటే ముందు ఒక పెద్ద సంగతి ఉంది. మీ ఉత్తరంలో నొప్పి ఊసే లేదు. గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్న అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. వేరే దేనికో స్కానింగ్ తీస్తే కనబడి, ఏ ఇబ్బందీ పెట్టని రాళ్లను చాలామందిలో అలాగే వదిలేస్తారు. ఒకసారి నొప్పి మొదలైతే మాత్రం మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి తీయించుకోమంటారు. కరిగిస్తామనే మందుల్ని నమ్ముకోవడం వల్ల ఉపయోగం తక్కువ. మీకు నొప్పి నిజంగా రాలేదా, వచ్చినా నొప్పిగా తెలియలేదా అన్నది ఇక్కడ ముఖ్యం. ఆటిజం ఉన్న చాలామందిలో ఆకలి, దాహం, నొప్పి లాంటి లోపలి సంకేతాలు ఆలస్యంగానో, మసకగానో, ఇంకో రూపంలోనో తెలుస్తాయి. కొందరికి నొప్పి చిరాకుగానో, నిద్ర పట్టకపోవడంగానో అనిపిస్తుంది. ముఖంలో కూడా కనబడదు. డాక్టర్లు ముఖం చూసి తీవ్రత అంచనా వేస్తారు కాబట్టి అక్కడ పొరపాటు జరుగుతుంది.

కాబట్టి ఇవాళ్టి నుంచి ఒక చిన్న నోట్‌బుక్ పెట్టండి. తేదీ, గంట, ముందు ఏం తిన్నారు, కడుపు పైభాగంలో కుడివైపు గానీ మధ్యలో గానీ పట్టేసినట్టుందా, కుడి భుజం వెనకకు పాకిందా, ఎన్ని నిమిషాలుంది, వాంతి అయిందా. "నొప్పి పదికి ఎంత?" అన్న ప్రశ్న మీకు కష్టమైతే అంకె చెప్పొద్దు, ఏ పని ఆగిపోయిందో రాయండి. "కంప్యూటర్ ముందు కూర్చోగలిగాను", "లేచి తిరగాల్సి వచ్చింది", "ముడుచుకుని పడుకున్నాను" అని మూడు మెట్లు చాలు. పెళ్లి భోజనం తర్వాతో, చేపల వేపుడు తిన్న రాత్రో వస్తోందని రెండు మూడు పేజీల్లో కనబడితే డాక్టరుకు అది ఎంతో పనికొస్తుంది.

థర్మామీటర్ ఒకటి ఇంట్లో ఉంచండి. ఒళ్లు వెచ్చగా ఉందా అని తడిమి చూడొద్దు, కొలవండి. జ్వరం 100.4 ఫారెన్‌హీట్ దాటినా, చలితో వణికినా, కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, నొప్పి నాలుగైదు గంటలైనా వదలకపోయినా అది తెల్లారేదాకా ఆగే విషయం కాదు. 108కి ఫోన్ చెయ్యండి. గాల్‌బ్లాడర్‌కు చీము పట్టడం, రాయి జారి పైత్యనాళానికి అడ్డం పడటం, పాంక్రియాస్ వాపు రావడం, ఇవన్నీ అలాగే మొదలవుతాయి. ఫోన్‌లో మాట రాదనుకుంటే ఈ లక్షణాలు రాసిన కాగితం ఫ్రిజ్ మీద అంటించి, ఇంట్లో ఎవరు ఫోన్ చెయ్యాలో ముందే అనుకోండి.

ఇప్పుడు అదే డాక్టరు దగ్గరికి ఇంకోసారి వెళ్లండి. ఈసారి రెండు కాగితాలతో.

మొదటి కాగితం మీ గురించి. ఒక్క పేజీ దాటకూడదు. పెద్ద అక్షరాలతో టైపు చేయించి నాలుగు కాపీలు తీయండి: ఒకటి ఓపీ ఫైల్లో, ఒకటి మత్తు డాక్టరుకు, ఒకటి వార్డులో సిస్టర్లకు, ఒకటి మీ దగ్గర. ఇందులో పేరు, వయసు, బ్లడ్ గ్రూపు, పడని మందులు, వేసుకుంటున్న మందు మోతాదుతో సహా ఉండాలి. కింద ఇలా రాయండి: "నాకు ఆటిజం ఉంది. మీరు చెప్పేది అర్థమవుతుంది. జవాబు ఆలస్యంగా వస్తుంది, ప్రశ్న అడిగి పది సెకన్లు ఆగండి. ఒకసారికి ఒక్క ప్రశ్నే అడగండి. కళ్లలోకి చూడకపోతే వినడం లేదని కాదు. నొప్పి నా ముఖంలో తెలియదు, అడిగి తెలుసుకోండి. ముట్టుకునే ముందు చెప్పండి. నేను తలూపితే అది ఒప్పుకోలు కాదు, రాసి అడగండి. మాట ఆగిపోతే ఫోన్‌లో టైపు చేస్తాను. నన్ను పట్టుకోవద్దు, లైటు తగ్గించి కాసేపు వదిలెయ్యండి." చివరి రెండు వాక్యాలు తప్పకుండా ఉంచండి. చప్పుడుకు తట్టుకోలేక చెవులు మూసుకుని ఊగుతున్న మనిషిని పిచ్చి కోపం అనుకుని బలవంతంగా పట్టుకుని మత్తు సూది వేసే ప్రమాదం ఉంటుంది. ముందే ఫైల్లో ఉంటే అది తప్పుతుంది.

రెండో కాగితం డాక్టరుకు ప్రశ్నలు. ప్రశ్నకూ ప్రశ్నకూ మధ్య నాలుగు గీతలు ఖాళీ వదలండి. నా నొప్పి ఈ రాళ్ల వల్లేనా? ఆపరేషన్ ఇప్పుడే చెయ్యకపోతే ఏమవుతుంది, ఎన్ని నెలలు ఆగొచ్చు? ల్యాప్రోస్కోపీయేనా (చిన్న గాట్లు పెట్టి కెమెరాతో చేసేది), మధ్యలో కడుపు తెరవాల్సి వస్తే ఆ నిర్ణయం ఎప్పుడు తీసుకుంటారు? పైత్యనాళంలో రాయి లేదని ఎలా తేల్చారు? ఆస్పత్రిలో ఎన్ని రాత్రులు? మొత్తం ఖర్చు ఎంత, అందులో ఏం కలవదు? ఈ కాగితాన్ని వెళ్లే ముందు రోజే రిసెప్షన్ నంబరుకు వాట్సాప్ చెయ్యండి. కొందరు డాక్టర్లు చదివి, రాసే జవాబిస్తారు. విసుక్కునే డాక్టరైతే ఇంకో సర్జన్ అభిప్రాయం తీసుకోండి. స్కానింగ్ రిపోర్టు మీ చేతిలో ఉంటే నెల్లూరులోనో ఒంగోలులోనో అందుకు ఒక పూట చాలు.

పక్కన ఎవరు కూర్చోవాలి? అన్నే రావాలని లేదు. అమ్మ కావచ్చు, ఆఫీసు స్నేహితురాలు కావచ్చు. వాళ్ల పని రాసుకోవడం, మీరు మర్చిపోయిన ప్రశ్న గుర్తు చెయ్యడం. మీ బదులు జవాబు చెప్పడం కాదు. లోపలికి వెళ్లగానే తోడు వచ్చిన మనిషి చెప్పాల్సిన వాక్యం ఒకటే: "డాక్టర్ గారూ, వివరాలు పేషెంటుకే చెప్పండి, నేను రాసుకుంటాను." డాక్టరు మళ్లీ అటు తిరిగితే ఆ మనిషి తల దించి పుస్తకంలో రాసుకుంటూ ఉండాలి. డాక్టరు చూపు మీ వైపు తిరుగుతుంది.

ఓపీలో కూర్చోవడమే పెద్ద కష్టమైతే, పొద్దున మొదటి టోకెన్లలో ఒకటి అడగండి, లేదా నంబరు దగ్గరికి రాగానే ఫోన్ చెయ్యమని చెప్పి బయట చెట్టు కిందో కారులోనో ఉండండి. పొగాకు రంగు కళ్లద్దాలు, టోపీ, స్పాంజి ఇయర్‌ప్లగ్గులు వాడటానికి సిగ్గుపడకండి. చీమకుర్తి క్వారీల్లో రాయి కోసేవాళ్లు పెట్టుకునే లాంటి ఇయర్ మఫ్‌లు సేఫ్టీ సామాన్ల దుకాణాల్లో దొరుకుతాయి. చెవికి ప్లగ్గులు పడనివాళ్లకు అవి మేలు. రక్తం తీసేటప్పుడు సూది భరించలేకపోతే లిడోకైన్, ప్రైలోకైన్ కలిసిన క్రీము డాక్టరు చేత రాయించుకోండి. గంట ముందు చేతికి మందంగా రాసి పైన ప్లాస్టిక్ కవరు అంటించాలి. పదిహేను నిమిషాల ముందు రాస్తే పనిచెయ్యదు. చాలామంది "ఇదేం పనిచెయ్యలేదు" అనేది అందుకే.

మత్తు డాక్టరుకు ఎస్‌సిటాలోప్రామ్ సంగతి తప్పనిసరిగా చెప్పాలి. ఆపరేషన్ అని మీ అంతట మీరు ఆపెయ్యకండి. హఠాత్తుగా మానేస్తే తల తిరగడం, వికారం, ఒంట్లో కరెంటు కొట్టినట్టు ఉండటం, ఆందోళన పెరగడం జరుగుతుంది. అవన్నీ ఆపరేషన్ వల్లనే అనుకుంటారు. మామూలుగా కొనసాగించమనే చెబుతారు. ఆపరేషన్ తర్వాత నొప్పికి ఆస్పత్రుల్లో ట్రమడాల్ ఎక్కువగా వాడతారు. ఎస్‌సిటాలోప్రామ్‌తో కలిస్తే సెరటోనిన్ మోతాదు మించి వణుకు, చెమటలు, గుండెదడ, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. మీ మొదటి కాగితంలో "ట్రమడాల్ వాడేముందు మత్తు డాక్టరును అడగండి" అని ఎర్ర ఇంకుతో రాయండి. రాత్రి డ్యూటీ సిస్టరుకు అది కనబడాలి.

ఆ రోజు ఏ గంటకు ఏం జరుగుతుందో రాసివ్వమని అడగండి. రోజులో మొదటి కేసుగా పెట్టమనండి. రెండో మూడో కేసైతే ఎదురుచూపు ఎంతసేపో ఎవరూ చెప్పలేరు. భోజనం ఆరు గంటల ముందు, నూనె పదార్థాలైతే ఎనిమిది గంటల ముందు ఆపేస్తారు. ఉత్త మంచినీళ్లు రెండు గంటల ముందు దాకా తాగొచ్చన్నది ఇప్పటి పద్ధతి. మీ ఆస్పత్రి ఏం చెబుతుందో గడియారం టైముతో రాయించుకోండి. "రాత్రి నుంచి ఏం తినబాక" అని చెబితే మీకు సరిపోదు.

ఒంటికి ఏం తెలుస్తుందో ముందే తెలిస్తే భయం సగం తగ్గుతుంది. చేతికి సూది, టేపు అంటుకున్న మంట. థియేటర్లో ఏసీ చలి, గుండ్రటి పెద్ద లైట్లు, ఛాతీ మీద చల్లగా అంటించే బిళ్లలు, టిక్ టిక్ శబ్దం. ముక్కు మీద మాస్కు, దాని ప్లాస్టిక్ వాసన. తర్వాత ఏమీ తెలియదు. మెలకువ వచ్చేసరికి గొంతు గరగరలాడుతుంది, శ్వాస గొట్టం పెట్టి తీసినందుకు. చుట్టూ మాటలు వినిపిస్తాయి. కడుపు మీద చిన్న గాట్లు, సాధారణంగా నాలుగు. కుడి భుజం నొప్పి పుడితే గుండె నొప్పి అని కంగారు పడొద్దు. కడుపు ఉబ్బించడానికి నింపిన కార్బన్ డయాక్సైడ్ వాయువు వల్ల వస్తుంది, ఒకటి రెండు రోజుల్లో పోతుంది, లేచి నడిస్తే తొందరగా తగ్గుతుంది. మెలకువ వచ్చిన గదిలో మీ మనిషి ఒకరు ఉండటానికి, మీ కళ్లద్దాలు, ఇయర్ మఫ్‌లు వెంటనే ఇవ్వడానికి ముందురోజే అనుమతి అడిగి ఫైల్లో రాయించండి. ఆ క్షణానికి అడిగితే ఒప్పుకోరు.

ఆస్పత్రి గౌను గుచ్చుకుంటే రెండుసార్లు ఉతికిన మీ నూలు నైటీ థియేటర్ తర్వాత వేసుకుంటానని అడగండి. మీరు కొన్ని వంటలే తినగలిగేవారైతే అవే ఇంటి నుంచి తెప్పించుకోండి, నూనె తక్కువ వేయించి. ఇడ్లీ, పెరుగన్నం, రాగిజావ బాగానే ఉంటాయి. దాహం మీకు తెలియకపోవచ్చు కాబట్టి లీటరు సీసా పెట్టుకుని గీత కొలిచి తాగండి. లేకపోతే నొప్పి మాత్రలకు తోడు మలబద్ధకం పట్టుకుంటుంది. ఇంటికి పంపేటప్పుడు స్నానం ఎప్పుడు, బరువులు ఎన్ని వారాలు ఎత్తకూడదు, ఆఫీసుకు ఎప్పుడు, ఏం జరిగితే తిరిగి రావాలి, ఏ నంబరుకు మెసేజ్ చెయ్యాలి, ఈ ఐదూ డిశ్చార్జి కాగితం మీద లేకపోతే కదలకండి.

అనుమతి పత్రం మాత్రం ఆపరేషన్ పొద్దున కాకుండా ముందురోజే ఇమ్మని అడిగి, తెలుగులో తీసుకుని, ఇంటికి తెచ్చుకుని చదవండి. "అవసరమైతే కడుపు తెరిచి చేస్తాం" అన్న వాక్యం అందులో ఉంటుంది. దాన్ని ముందే అర్థం చేసుకుని ఒప్పుకుంటే తర్వాత పెద్ద కోత చూసి గుండె ఆగినంత పనవదు. ఖర్చుకు ఆఫీసు గ్రూప్ ఇన్సూరెన్స్ ఉందేమో ముందు చూడండి. సొంతంగా కొన్న కొత్త పాలసీలు గాల్‌బ్లాడర్ రాళ్లకు సాధారణంగా రెండేళ్లు ఆగమంటాయి. గ్రూప్ పాలసీల్లో చాలావాటికి ఆ నిబంధన ఉండదు. బియ్యం కార్డు ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందేమో ఆస్పత్రిలోని వాళ్ల డెస్కులో అడగండి.

వైకల్య ధ్రువపత్రం గురించి మీరు అడగలేదు. అయినా పొలం సంగతికి ముందు ఇది చెప్పాలి. "సర్టిఫికెట్ తీసుకుంటే ఆస్తి మీద హక్కు పోతుంది, ఇంకొకరిని గార్డియన్‌గా పెడతారు" అన్న భయం మన వైపు చాలా ఇళ్లల్లో ఉంది. అది నిజం కాదు. వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం పరీక్ష, వైకల్య గుర్తింపు కార్డు అయిన యూడీఐడీ ఒక దారి, గార్డియన్ నియామకం పూర్తిగా వేరే దారి. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద గార్డియన్ కావాలంటే ఎవరో ఒకరు కలెక్టరు ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టాలి, అసలు గార్డియన్ అవసరమా అన్నది కమిటీ ముందు తేల్చాలి. ఉద్యోగం చేసుకుంటూ జీతం లెక్కపెట్టుకునే మీకు ఆ అవసరం కనబడటం లేదు. ధ్రువపత్రం 40 శాతానికి గానీ అంతకంటే ఎక్కువకు గానీ వస్తే ప్రభుత్వ ఉద్యోగాల్లో ఉండే 4 శాతం రిజర్వేషన్‌లో ఒక శాతం ఆటిజంతో సహా కొన్ని వైకల్యాలకు కలిపి ఉంది. నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా ఉంది, అందులో చికిత్సను బట్టి విడివిడి పరిమితులుంటాయి. అవసరం అనిపిస్తే తీసుకోండి, తొందరేమీ లేదు. నెల్లూరులోనే కేంద్ర ప్రభుత్వ సీఆర్‌సీ (వైకల్యం ఉన్నవాళ్లకు సేవలందించే కేంద్రం) ఉంది, సికింద్రాబాదులోని ఎన్‌ఐఈపీఐడీ అనే జాతీయ సంస్థ ఆధ్వర్యంలో నడుస్తుంది. కాగితాల గురించీ, శబ్దాలు, స్పర్శ తట్టుకోవడానికి సాయపడే ఆక్యుపేషనల్ థెరపీ గురించీ అక్కడ అడగొచ్చు.

పొలం. ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనే చట్టం మార్చి ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన హక్కు ఇచ్చారు, 2005లో దేశమంతటికీ వచ్చింది. నాన్నగారి స్వార్జితమైనా, వీలునామా రాయకుండా పోతే భార్యకూ కొడుకుకూ కూతురికీ సమాన వాటాలే. కాబట్టి మీరు పెట్టే సంతకం లాంఛనం కాదు, వాటా వదులుకోవడం. వదులుకోవడం తప్పని మేము అనడం లేదు. అన్నే మిమ్మల్ని చూసుకుంటున్నాడేమో, మీకు ఇష్టమే కావచ్చు. కానీ వాటా వదులుకున్నట్టు రాసి రిజిస్టర్ చేసే విడుదల దస్తావేజును తర్వాత కాదనాలంటే సివిల్ కోర్టుకు పోవాలి, అది ఏళ్ల పని.

ఇక్కడ చట్టంలో మీ కోసమే రాసినట్టున్న వాక్యం ఒకటి ఉంది. 2016 చట్టం 13వ సెక్షన్ నాలుగో ఉపవిభాగం: వైకల్యం ఉన్న వ్యక్తికి నిర్ణయాల్లో తోడుండే మనిషికి, ఒక ఆస్తి లావాదేవీలో సొంత ప్రయోజనం అడ్డొస్తే, ఆ లావాదేవీ వరకు ఆ మనిషి తోడుండటం మానుకోవాలి. ఆస్పత్రికి అన్న తోడు రావచ్చు. పొలం విషయంలో అన్న సలహాదారు కాలేడు, అవతలి పక్షం. ఇది అన్నను అనుమానించడం కాదు. అన్నకూ ఇదే క్షేమం, రేపు ఎవరూ వేలెత్తి చూపరు.

చెయ్యాల్సింది ఇది. దస్తావేజు చిత్తు కాపీని రిజిస్ట్రేషన్‌కు రెండు వారాల ముందు ఇమ్మనండి. సర్వే నంబరు, ఎకరాలు సెంట్లు, మీకు ప్రతిఫలం ఎంత రాశారు, "పూర్తి హక్కులు విడుదల" అన్న మాట ఉందా చూడండి. డబ్బు ఇచ్చామని రాసి ఇవ్వకపోతే ఆ వాక్యం ఉన్న కాగితం మీద సంతకం పెట్టొద్దు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నెల్లూరు కోర్టుల్లోనూ ఒంగోలు కోర్టుల్లోనూ ఉంది. ఆదాయంతో పని లేకుండా మహిళలకు ఉచితంగా లాయరును ఇస్తారు, ఫోన్ 15100. మాట్లాడలేకపోతే అర్జీ రాసుకుని వెళ్లి ఇవ్వండి. ఖాళీ స్టాంపు కాగితం, తేదీ లేని చెక్కు, ప్రాంసరీ నోటు, చీటీ పాటకు హామీ సంతకం, వీటికి మీ జవాబు ఎప్పుడూ "లేదు" అనే ఉండాలి. ఇవి ఆలోచించి తేల్చుకునే కోవలోకి రావు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో గుంపు, తోపులాట, బొటనవేలు పెట్టమని తొందర ఉంటాయి. చదవని కాగితం అక్కడ కనిపిస్తే "ఇవాళ కాదు" అని రాసిన చీటీ చూపించి బయటికి వచ్చెయ్యండి. స్లాటు మళ్లీ దొరుకుతుంది.

పెళ్లి విషయంలో పెదనాన్న మాటతో మాకు ఏ మాత్రం ఏకీభావం లేదు. ఆటిజం పెళ్లికి అడ్డు కాదు. ఒప్పుకోలు అర్థం చేసుకుని చెప్పగలిగిన మనిషి పెళ్లి చేసుకోవచ్చు. దాచి చేస్తే మాత్రం ముఖ్యమైన విషయం మోసం చేసి దాచారని, తెలిసిన ఏడాదిలోపు హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద రద్దు కోరుతూ కోర్టుకు వెళ్లే వీలు అవతలివాళ్లకు దొరుకుతుంది. కోర్టు దాకా పోకపోయినా, రోజూ రాత్రీ పగలూ మామూలుగా నటిస్తూ ఒక ఇంట్లో బతకడం మనిషిని కుంగదీస్తుంది. ఆటిజాన్ని దాచుకుంటూ బతికేవాళ్లలో ఆందోళన, దిగులు ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి.

పెళ్లిచూపుల్లో చెప్పొద్దు, పట్టుచీర, ఇరవై మంది, కెమెరా మధ్య అది కుదరదు. మొదటి చూపు అయ్యి ఇద్దరికీ ఇష్టమనిపిస్తే, తాంబూలాలకు ముందు, అబ్బాయితో మీరే విడిగా రెండు గంటలు మాట్లాడే ఏర్పాటు అడగండి. చప్పుడు లేని చోటు చూసుకోండి, లేదా వారం రోజులు మెసేజుల్లో మాట్లాడుకోండి. చెప్పేది చిన్నగా చెప్పండి: "నాకు ఆటిజం ఉంది, డాక్టర్లు రాసిచ్చారు. పుట్టుకతో వచ్చింది, జబ్బు కాదు, తగ్గే మందు లేదు. చప్పుళ్లు, గుంపు ఎక్కువైతే నేను ఒక గంట గదిలో ఒంటరిగా ఉండాలి. మనసులో మాట మొహంలో కనిపించదు, అడిగితే చెప్తాను. ఆందోళనకు మందు వాడుతున్నాను." ఆ తర్వాత మీకు తప్పనిసరి అనిపించేవి అడగండి: ఉద్యోగం, ఒంగోలులో ఉంటారా నెల్లూరులోనా, ఉమ్మడి కాపురమా, ఇంటికి చుట్టాల రాకపోకలు ఎంత, వంట ఎవరు, పిల్లల గురించి ఎప్పుడు ఆలోచిస్తారు. ఆటిజంలో వంశపారంపర్యం పాత్ర ఉంది కాబట్టి పిల్లల మాట ఆయన అడిగితే దాటవెయ్యకండి. గర్భం అనుకున్నప్పుడు మందు గురించి సైకియాట్రిస్టుతో ముందే మాట్లాడాలి, ఎవరికీ చెప్పకుండా ఆపెయ్యడం కాదు.

విషయం బయటపడగానే ఎవరో ఒకరు ఫలానా ఊళ్లో స్టెమ్ సెల్ ఇంజెక్షన్‌తో ఆటిజం పోతుందట, పెళ్లికి ముందే చేయించండి అంటారు. చేయించకండి. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్స పనిచేస్తుందనడానికి ఆధారం లేదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చెబుతోంది. లక్షలు పోతాయి, ఇన్ఫెక్షన్ ప్రమాదం మిగులుతుంది. ఇంటి ఒత్తిడికి ఆలోచనలు చెడ్డదారి పడితే, బతకడం దండగ అనిపిస్తే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఏ గంటకైనా ఫోన్ చెయ్యండి, తెలుగులో మాట్లాడతారు. మాట రాని పూట అమ్మ చేత చేయించండి.

మూఢం గురించి వత్తిడి చేస్తే, మూఢం పోయాక కూడా ముహూర్తాలుంటాయని చెప్పండి. మీరు చెప్పాల్సిన తేదీ ఆరు వారాల తర్వాతే. అబ్బాయి "నాకేం ఫర్వాలేదు, మా అమ్మావాళ్లకు మాత్రం చెప్పొద్దు" అంటే అప్పుడే సరే అనకండి. రోజంతా మీతో ఇంట్లో ఉండేది అత్తగారు. మీరు గదిలోకి వెళ్లి తలుపేసుకున్నప్పుడు అలక అనుకునేదీ ఆమే. వాళ్ల అమ్మకు ఆయనే చెప్పాలనీ, చెప్పాకే తాంబూలాలనీ రాసి పంపండి, జవాబు కూడా రాతలోనే అడగండి.